సీసా చూడాల్సిన వెలుగు

నిన్న సాయంత్రం కంకిపాడు సెంటర్లో బస్సు కోసం నిలబడితే, ఒళ్లంతా నీలి లైట్లు చుట్టుకున్న లారీ ఒకటి పక్కనుంచి వెళ్లింది. ఆ వెలుగు చేతి మీద పడగానే ముక్కుకి ల్యాబులో సీసాలు కడిగే అసిటోన్ వాసన తగిలినట్టయింది. షాహీన్ మేడమ్ గుర్తొచ్చారు.

నా భర్త పోయాక విజయవాడలో ఒక కాలేజీలో వరండాలు ఊడ్చే పనికి చేరాను. కొన్నాళ్లకు కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు ఉద్యోగం ఖాళీ అయింది. అది వస్తే పిల్లల చదువు ఆగదు. కానీ సీసాల మీద ఇంగ్లీషు పేర్లు చదవడం రావాలి. నలభై దాటిన నాకు సంతకం కూడా రాదు. ఆ ల్యాబులో పరిశోధన చేసే షాహీన్ మేడమ్ ఆఫీసుకి వెళ్లి, "వేసవి సెలవులయ్యేదాకా ఆగండి. నేను నేర్పుతాను," అన్నారు. సూపరింటెండెంటు గారు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

పొద్దున అక్షరాలు, మధ్యాహ్నం ఆవిడ పని. ఒకరోజు నన్ను ఆటోనగర్ తీసుకెళ్లి, లారీలకి అలంకరణ సామాను అమ్మే కొట్లో నీలి లైట్ల పట్టీ అడిగారు.

"ఏ బండికండీ? టిప్పరా, లారీయా?"

"గిన్నెకండీ."

కొట్టతని మొహం చూసి నాకు నవ్వాగలేదు. తీరా ల్యాబుకి వచ్చాక, స్టీలు గిన్నెకి ఆ పట్టీ అంటించమన్నారు. పెళ్లిపందిరి ముస్తాబు చేసినంత శ్రద్ధగా గిన్నె బయటంతా చుట్టాను. మేడమ్ పడీపడీ నవ్వారు.

"ఎంత ముద్దుగా ఉందో రత్నమ్మగారూ! కానీ ఇది మనం చూడ్డానికి కాదండీ, లోపల పెట్టే సీసా చూడ్డానికి. లోపలికి తిప్పండి."

"సీసా చూసి ఏం చేస్తుందండీ?"

"మీది నేతపని ఇల్లే కదా. నేసేసిన చీరలో ఒక్క పోగు తీసి, వేరే రంగు పోగు పెట్టగలరా?"

"చీర పాడైపోద్దండీ. మళ్లీ మొదట్నుంచి నేసుకోవాల్సిందే."

"మందుల తయారీలోనూ అదే బాధ. కార్బన్ హైడ్రోజన్‌ని పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. ఈ నీలి వెలుగు తగిలితే సీసాలో కలిపిన పదార్థం ఒకటి చురుకెక్కి ఆ హైడ్రోజన్‌ని ఊడబీకుతుంది. చిటికెడు నికెల్ ఆ చోట కొత్త ముక్క అతుకుతుంది. మిగతా చీర అలాగే ఉంటుంది."

"మరి నికెల్ అయిపోదా?"

"అవదు. పెళ్లిళ్ల పేరయ్యలాగా, ఒక సంబంధం కుదిర్చి ఇంకో ఇంటికి పోతుంది."

సెలవులయ్యాక సూపరింటెండెంటు గారే వచ్చి, అలమర చూపించి, "అసిటోనైట్రైల్ తియ్యమ్మా," అన్నారు. దాని పక్కనే అసిటోన్. రెండు పేర్లూ ఒకలాగే మొదలవుతాయి. మేడమ్ నావైపు చూడకుండా గిన్నెలో సీసా సర్దుకుంటున్నారు. వేలు పెట్టి, చివరి అక్షరం దాకా చదివాకే సీసా అందుకున్నాను. ఆయన దాన్ని తిప్పి చూసి, "సరే, సోమవారం నుంచి లోపలే," అన్నారు. అప్పుడు తలెత్తారు మేడమ్. "ఇవాళ టీలు మీవేనండీ!"

ఆ గిన్నెలో జరిగిన పని తర్వాత పేరున్న సైన్సు పత్రికలో వచ్చింది. చివర, సాయపడినవాళ్లలో నా పేరు కూడా వేశారు. ఎవరిచేతా చదివించుకోలేదు. కూడబలుక్కుంటూ నేనే చదువుకున్నాను.

మేడమ్ ఇప్పుడు వేరే ఊళ్లో పెద్ద యూనివర్సిటీలో ఉన్నారు. గిన్నె మా ల్యాబులోనే ఉంది. కొత్తగా చేరిన అమ్మాయిలు పట్టీని బయటకి చుట్టబోతే, "మనం చూడ్డానికి కాదమ్మా," అని లోపలికి తిప్పిస్తాను.