మోకాటి లోతు

ఆ రోజు చెరువులో గుంత ఉందని నాకు తెలుసు. ఈ ఒక్క మాట నేను ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు.

నా భార్య తమ్ముడు వేసవి సెలవులకు కుప్పం నుంచి మదనపల్లెలో మా ఇంటికి వచ్చాడు. ఇద్దరం పొద్దున్నే హార్స్లీ హిల్స్ ఎక్కి, నీలగిరి చెట్ల మధ్య కాలిబాటల్లో ఎండ నడినెత్తికొచ్చేదాకా తిరిగాం. తీసుకుపోయిన నీళ్లు దిగేటప్పుడే అయిపోయాయి. అక్కణ్ణుంచి పుంగనూరు దారిలో ఉన్న మా చేనికి పోతూ, పక్కనున్న చెరువు దగ్గర బండి ఆపాం. రాళ్లు కాలిపోతున్నాయి.

అతనికి ఈత అంతంతమాత్రమే. లోతెంత అని అడిగాడు.

"మోకాటి లోతే ఉండాది, దిగప్పా" అన్నాను.

అంతకు ముందు వేసవిలో చెరువు ఎండినప్పుడు జేసీబీ పెట్టించి, అక్కణ్ణుంచే మా చేనికి మట్టి తోలించాను. తర్వాత వానలకు నీళ్లొచ్చి గుంత కనబడకుండా పోయింది. అతను లోపలికి నడుస్తుంటే అది గుర్తొచ్చింది. ఇంకా అవతలకుంటుందిలే అనుకొని ఊరుకున్నాను.

అంతలోనే మనిషి కనబడలేదు. నీళ్ల మీద చెయ్యి ఒక్కటే.

గుంత అంచును కాళ్లతో తడుముకుంటూ పోయి తువ్వాలు విసిరాను. అందలేదు. బంకమట్టిలో కాళ్లు జారుతున్నాయి. మళ్లీ విసిరితే కొస దొరికింది అతనికి. గట్టుకు లాగాక చాలాసేపు దగ్గుతూనే ఉన్నాడు.

ఇంట్లో అడిగితే, చెప్పినా వినకుండా లోపలికి పోయాడని అనేశాను. అతను నన్నొకసారి చూశాడు. బావ మాటకు ఎదురు చెప్పలేదు.

ఆ తర్వాత ఏ శుభకార్యంలో కలిసినా చుట్టాలకు అదే ఎగతాళి. అతను స్నానానికి లేస్తే చాలు, "బకెట్టు లోతుగా ఉండాది, సూసుకో అప్పా" అనేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి.

ఈ వేసవిలో కుప్పంలో వాళ్లింట్లో భోజనానికి కూర్చున్నాం. అతని కూతురు నీళ్ల చెంబు తెచ్చి, "నాయనా, ఇందులో దిగొద్దు, మునిగిపోతావు" అంది. అందరూ నవ్వారు. అతను తలొంచుకొని అన్నం కలుపుకుంటున్నాడు. నేను చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"మీ నాయన నన్ను అడిగే దిగినాడమ్మా. మోకాటి లోతేనని చెప్పింది నేను. ఆడ గుంత తవ్వించిందీ నేనే."

 అతని వైపు తిరిగాను.

"తప్పు నాదప్పా. ఇన్నాళ్లూ నీ మీదికి తోసినాను. మన్నించు."