బొజ్జన్న గొంతుకు కొలత

"దేవుని కతను నడుమ నిలపమంటావే. అదేమన్నా శెనక్కాయల మూటనా, తోచినప్పుడు మూతి కట్టేదానికి?"

"నిలపొద్దులే. వంత లేనోన్ని పరసలో ఎట్లాగూ నిలబడనీరు. ఈ పెట్టె ముందరన్నా పాడు."

ముందన్నది మొగుడు బొజ్జన్న, బదులిచ్చింది పెండ్లాం ఈరక్క. పత్తికొండ నూనె మిల్లు గోదాములో కూర్చొని కొట్లాడుకుంటున్నారు. ముందర మైకు ఉన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. బయట వరండాలో, కతను పట్టడానికి తెచ్చిన టేపు పెట్టె దగ్గరున్న దేవేంద్రప్పకు హెడ్‌ఫోనులో ప్రతి తిట్టూ తేటగా వినపడుతోంది.

దేవేంద్రప్ప కర్నూలు కాలేజీ వదిలేసి రేడియోలు బాగుచేసుకుంటున్న కురబ పిల్లోడు. బొజ్జన్న వరసకు మామ. పెట్టె ఆదోని షావుకారుది, పొద్దు గూకేలోగా ఇచ్చేయాలి. అమావాస్య సెలవు గనక మిల్లు నడవదు, కరెంటు నిలకడగా ఉంటుంది. ఈ రోజు తప్పితే మళ్లీ కుదరదు.

బొజ్జన్న బతుకంతా గొర్రెల వెనక గుట్టల మీదే గడిచింది. ఏడాదికోసారి బీరప్ప దేవునికి జరిగే జాతరలో, ఆ పరసలో మాత్రం ఆయన లేచి కత ఎత్తుకుంటే జనం కదిలేవాళ్లు కాదు. వంత పాడే పుల్లయ్య నిరుడు చచ్చిపోయాడు. వంత లేకుండా కత చెప్పకూడదు, మనిషిని తెచ్చుకో, లేదా ఊరికే వచ్చి కూర్చో అన్నారు కులపెద్దలు. పరస వచ్చే సోమవారమే. పెట్టెకు మాత్రం ఆ కట్టుబాటు ఎవరూ పెట్టలేదు.

చిక్కల్లా ఒకటే. ఎత్తుకున్న కతను మంగళారతి దాకా ఆపరాదు. ముందుగా కొంచెం పాడించి గొంతు ఎంత లేస్తుందో చూడకపోతే దేవేంద్రప్పకు పని జరగదు. పెట్టె మీద ఆకుపచ్చ కన్ను ఉంది. శబ్దం పెరిగే కొద్దీ అందులో రెండు వెలుగు రెక్కలు దగ్గరవుతాయి. తాకీ తాకకుండా నిలిస్తే పాట బాగా పడ్డట్టు. ఒకదాని మీదొకటి ఎక్కితే గొంతు చిరిగిన తప్పెటలా మోగుతుంది. దూరంగా పడుంటే టేపు సొద తప్ప ఏమీ మిగలదు.

పోనీ మాట్లాడు మామా అంటే, బొజ్జన్న తాసిల్దారు ముందర నిలబడినట్టు గొణిగాడు. దేవేంద్రప్పకు ఒళ్లు మండింది. మరుక్షణమే ఒక ఉపాయం తట్టి గోదాములోకి ఉరికాడు.

"కత వద్దు మామా. మంద గుట్ట అవతలుంటే ఎట్లా పిలుస్తావో అట్లా పిలువు."

"ఈడ నుంచేనా?"

"ఈడ నుంచే. రేకులు ఎగిరిపోవల్ల."

అతను పెట్టె దగ్గరికి చేరేలోపే బొజ్జన్న చెంపకు చెయ్యి ఆనించి కూత పెట్టాడు. రెక్కలు ఒకదాని మీదొకటి ఎక్కేశాయి. దేవేంద్రప్ప శబ్దం పెంచి తగ్గించే మరను వెనక్కి తిప్పి ఇంకోసారి అన్నాడు. ఇంకా తిప్పి, ఇంకోసారి. ఈసారి రెక్కలు అంచుల దగ్గర తాకి నిలిచాయి. సంతోషం పట్టలేక బల్ల మీద చరిచాడు.

ఇంతలో మిల్లు వెనక చేన్లో ఎరువుకు ఆపిన బొజ్జన్న మంద ముళ్లకంప తోసుకొని వాకిట్లోకి వచ్చి పడింది. ఒక పొట్టేలు టేపు చక్రానికి మూతి పెట్టింది. ఈరక్క కట్టె పట్టుకొని మామను, అల్లున్ని, జీవాలను కలిపి తిట్టిపోస్తూ తోలింది. పిలిస్తే రాక ఏంజేస్తాయి అంటూ బొజ్జన్న పడీపడీ నవ్వాడు.

ఆ నవ్వుతో భయం వదిలింది. కత ఎత్తుకున్నాడు. దేవేంద్రప్ప చెయ్యి మర మీద నుంచి తీయలేదు. గొంతు తగ్గితే పెంచుతూ, లేవబోతుంటే ముందే తగ్గిస్తూ, పాటతో పాటు పరుగెత్తాడు. బొజ్జన్న పాడుతూనే కిటికీలోంచి ఆ చేతినే చూస్తున్నాడు.

మంగళారతి అయినాక టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. యాడా చిరగలేదు. కట్టె పట్టుకునే ఈరక్క కూలబడి కండ్లు తుడుచుకుంది. బొజ్జన్న మాత్రం పెట్టె వైపు చూడను కూడా చూడలేదు.

"నేను గొంతెత్తక ముందే నీ చెయ్యి తిరుగుతాండె. నీకెట్లా తెలిసె?"

ఊపిరి పీల్చేది చెవిలో వినపడుతుందని, దాన్నిబట్టి తిప్పానని చెప్పాడు దేవేంద్రప్ప.

బొజ్జన్న అతని మణికట్టు పట్టుకున్నాడు.

"పుల్లయ్య గూడా ఊపిరినే కాచుకునేటోడు. పెట్టెను ఆదోనికి ఇచ్చేసి నువ్వు రాప్పా. సోమారం పరసలో నా పక్కన వంతకు నిలబడు."