వశిష్ఠుడి పక్కన ఇంకొకామె

మొన్న ఖమ్మంలో మా మనవరాలి పెళ్ళి జరిగింది. పురోహితుడు కొత్త దంపతులను ఫంక్షన్ హాలు వరండాలోకి నడిపించి, మండుటెండలో ఉత్తరం వైపు వేలు చూపించి అరుంధతి కనిపించిందా అని అడగ్గానే ఇద్దరూ ఒక్క గొంతుతో కనిపించిందన్నారు. ఫోటోగ్రాఫరు ఇంకోసారి చూడమంటే ఇంకోసారీ కనిపించింది. మన తరం వాళ్ళమంతా అరుంధతిని పట్టపగలు అలా చూసినవాళ్ళమే కదా, వాళ్ళనేం అంటాం! నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది మాత్రం మా అత్తగారు గుర్తుకొచ్చి.

నాకు కొత్తగా ఉద్యోగమొచ్చి, ములకలపల్లి దగ్గర అడవి అంచున ఉన్న ఆశ్రమ పాఠశాలలో సైన్సు చెప్పే రోజులవి. మావారు బొగ్గు గనుల్లో పనిచేస్తూ వారానికోసారి వచ్చేవారు, మధిర నుంచి వచ్చిన అత్తగారే నాకు తోడు. కరెంటు ఉండే రోజులు తక్కువ, కాబట్టి ఆకాశానికి మాత్రం లోటు లేదు. వేసవిలో పొద్దుగూకి చీకటి పడేసరికి సప్తర్షులు టేకు చెట్ల మీదికి వచ్చి నిలబడేవారు. అత్తగారు దీపం పెట్టి, వశిష్ఠుడినీ ఆయన్ను అంటిపెట్టుకున్నట్టుండే చిన్న చుక్క అరుంధతినీ చూసి, దణ్ణం పెట్టుకున్నాకే అన్నం ముట్టేవారు.

ఒక వేసవిలో ఆవిడకు అరుంధతి కనిపించలేదు. మర్నాడూ కనిపించలేదు. కళ్ళలో శుక్లాలు వచ్చాయని నాకు తెలుస్తూనే ఉంది. కానీ అరుంధతి కనిపించనివాళ్ళు ఆరు నెలలు దాటరని ఆవిడ నమ్మకం. భద్రాచలం దవాఖానాకు పోదామంటే, పోయే ప్రాణానికి ఆపరేషన్ ఎందుకన్నారు. పట్టుచీరలు ఎవరికేది ఇవ్వాలో చెప్పేశారు. తిండి తగ్గించేశారు. పైకి ధైర్యంగానే ఉన్నా నాకు లోపల భయంగా ఉండేది. ఆరు నెలలు కాదు, ఆ తిండితో మూడు నెలలు కూడా గడవవు.

బడిలో వంట చేసే కోయ ఆమె ఆవిడకు ధైర్యం చెప్పబోయి వాళ్ళ కథ చెప్పింది. వాళ్ళకు ఆ ఏడు చుక్కలూ ఋషులు కావు, ఒక ముసలామె మంచమూ దాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలూను. నాలుగు చుక్కలు మంచం కోళ్ళు, వెనక మూడు దొంగలు. ముసలామె కన్ను మూస్తే కదా వాళ్ళు ఎత్తుకుపోయేది! అత్తగారు ఎత్తుకుపోనిమ్మన్నారు.

ఇక లాభం లేదని బడిలో మూలన పడివున్న టెలిస్కోపును తుడిచి వాకిట్లో నిలబెట్టాను. ముందు సప్తర్షులకు ఉత్తరాన, ఎంతో దూరంలో పక్కపక్కనే ఉండే రెండు గెలాక్సీలను చూపించాను. దూది పింజల్లాంటి ఆ రెండు మరకలను చూసి, ఇవి నా కంటి పొరలేనన్నారు. కాదు అత్తయ్యా, అవి నిజంగానే అలా ఉంటాయని చెప్పి, గొట్టాన్ని వశిష్ఠుడి వైపు తిప్పాను. అరుంధతి కనిపించగానే ఆవిడ మొహం విప్పారింది. నేను గెలిచాననుకున్నాను. అంతలోనే మొహం ముడుచుకుంది.

"ఓ పిల్లా, అరుంధతమ్మ దూరంగ కూసుంది. ఆయన్ను ఒరుసుకొని కూసున్న గామె ఎవరు?"

టెలిస్కోపులో వశిష్ఠుడు ఒక్కడు కాదు, జంట నక్షత్రం. ఈ సంగతి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో, ఆ క్షణంలో నాకే తట్టలేదు. అది కూడా నక్షత్రమేనండీ అంటే ఆవిడ వినలేదు. తన పెళ్ళి నుంచి రోజూ మొక్కిన దంపతుల మధ్య ఇంకొకామె! వంటామె చెప్పిందే నిజం, దొంగేనన్నారు. ఆ కోపంలో రెండు ముద్దలు ఎక్కువే తిన్నారు.

తెల్లారి సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడ్డారు.

"దవాఖానాకు పోదాం పద. గదేందో నా కండ్లతోనే చూసి తేల్చుకుంట. అప్పటిదాంక నా మంచం ఎవ్వనికియ్య."

ఆపరేషనయ్యింది. వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం మబ్బు విడింది. ఉత్త కళ్ళతో పైకి చూశారు. వశిష్ఠుడు, పక్కన అరుంధతి, ఇంకెవరూ లేరు. మామూలు కంటికి ఆ జంట విడిగా కనిపించదని చెప్పబోయి, నోరు మూసుకున్నాను. అరుంధతమ్మ వెళ్ళగొట్టిందని అందరికీ చెప్పుకుని మురిసిపోయారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికారు, కానీ మళ్ళీ టెలిస్కోపు దగ్గరికి రాలేదు.

పెళ్ళిరోజు సాయంత్రం భోజనాలయ్యాక నేనొక్కదాన్నే హాలు మేడ మీదికి ఎక్కాను. నా కళ్ళూ ఆపరేషన్ చేయించుకున్నవే, చక్కగా కనిపిస్తాయి. ఊరి లైట్ల వెలుగులో వశిష్ఠుడు దొరికాడు, అరుంధతి దొరకలేదు. నాకేం భయం లేదు, అది లైట్ల పని. అత్తగారు ఉంటే మాత్రం ఊరంతటికీ ఆరు నెలలే గడువని తేల్చేసేవారు. కింద పాటలు హోరెత్తుతున్నాయి. అరుంధతి కనిపించలేదని బెంగపడాలంటే ముందు ఆమె కోసం రోజూ తలెత్తి చూసేవాళ్ళు ఉండాలి కదా, ఇంత ఊళ్ళో ఒక్కరైనా ఉన్నారా అనిపించి దిగులేసింది.