ఆండాళు ఇంగ్లీషు

డెబ్బైల మొదట్లో గౌలిపురలో మాకు పాలు పోసే ఆండాళు, కొలత అయ్యాక కొసరు పోయనిదే గుమ్మం దిగేది కాదు. ఆ కొసరుకు బదులుగా మాత్రం ఒకటి అడిగేది. "అక్కా, గీ పొద్దు ఒక ఇంగ్లీషు మాట చెప్పు." అడగందే అమ్మయినా పెట్టదని ఆమెకు బాగా తెలుసు. పదో తరగతి పాసైన పిల్ల. పాఠం చదివితే అర్థమవుతుంది, ఉత్తరం రాయగలదు. ముక్కు కారుతోందని ఇంగ్లీషులో చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. బర్రెల కొట్టం దాటి, నలుగురితో మాట్లాడే ఉద్యోగం చేయాలని ఆమె ఆశ.

నేను మా ఆయన్ని అడిగి చెప్పేదాన్ని. ఆయన శ్రీహరిరావు, సర్కారు ఆఫీసులో గుమాస్తా. చిన్న మాట చెప్పడమంటే ఆయనకు నామోషీ. ఒకరోజు "నెవర్‌దిలెస్" అన్నారు. మర్నాడు "హియర్‌ఇన్‌ఆఫ్టర్". వీధిలో మిగతా ఇళ్లవాళ్లూ అంతే. పాలమ్మాయికి దగ్గు, తుమ్ము లాంటి మాటలు చెబితే తమ చదువుకు తలవంపులనుకున్నారో ఏమో, బరువైన మాటలే ఏరి ఏరి ఇచ్చారు. పిచ్చిది, అన్నీ బట్టీ పట్టింది.

అంతలో బహదూర్‌పురాలో ఒక కేరళ డాక్టరమ్మ చిన్న దవాఖానా తెరిచింది. ఆవిడకు తెలుగు రాదు, ఉర్దూ రాదు. రోగుల మాట ఇంగ్లీషులో చెప్పే ఆడమనిషి కావాలంది. ఆండాళు వెళితే, వారం చూసి పెట్టుకుంటానంది. ఇంట్లో అత్త రుక్మాబాయి కూడా తన షరతు పెట్టింది. "వారం పో. ఆమె వద్దంటె మల్ల ఇంగ్లీషు ముచ్చట తియ్యొద్దు."

మొదటి రోజే ఆండాళు తిరిగి వస్తూ మా గుమ్మంలో కూలబడింది.

"అక్కా, ఒకామె కండ్లు తిరుగుతున్నయన్నది. నా దగ్గరేమో నెవర్‌దిలెస్ ఉన్నది. దాన్నేం జేసుకోవాలె?"

నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. ఆ సాయంత్రం మా ఆయనకు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. "కళ్లు తిరగడాన్ని ఏమంటారు? మంటని? దురదని? నడుం పట్టేయడాన్ని?"

ఆయన మొహం పాలిపోయింది. "ఏమే, ఇన్ని జబ్బులు పెట్టుకుని చెప్పవేం? పద డాక్టరు దగ్గరికి!" అంటూ చెప్పులు వేసుకున్నారు. అసలు సంగతి చెప్పాక శాంతించి, ఒక్కొక్కటీ చెప్పారు. కొన్ని మాటలు మాత్రం తలుపు వైపు చూసి నా చెవిలో చెప్పారు.

ఆండాళు అవన్నీ నేర్చుకుని వెళ్లింది. ఇప్పుడు మాటలున్నాయి, చెప్పుకునేవాళ్లే లేరు. దవాఖానా అంతా ఒకటే గది. మధ్యలో పల్చటి పరదా, అవతల బెంచీల మీద మగవాళ్లు. ఆడవాళ్లు వచ్చి, జ్వరమని చెప్పి, మాత్రలు తీసుకుని పోతున్నారు. డాక్టరమ్మకు విసుగు మొదలైంది. ఉద్యోగం పోయినట్టేనని ఆండాళు బెంగపడింది.

ఒకరోజు ఒక ముసలమ్మ ఆండాళు చెవిలో ఏదో గొణిగింది. ఆండాళు దాన్ని ఇంగ్లీషులో పైకే చెప్పేసింది. బెంచీల మీద ఒక్క తల తిరగలేదు. అర్థమైతేగా! ముసలమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఆ కబురు పాలకంటే ముందే గడపగడపకూ చేరింది. ఆండాళు చెవిలో చెబితే ఇజ్జత్ దక్కుతుందని ఆడవాళ్లు కొంగులు కప్పుకుని వరస కట్టారు.

వారం ముగిసే రోజు ఆ వరసలో రుక్మాబాయి కనిపించింది. తనను ఇంటికి లాక్కుపోవడానికి వచ్చిందనుకుని ఆండాళు పరదా చాటుకు జరిగింది. అత్త మాత్రం కోడలి భుజం పట్టుకుని వంచి, చెవిలో చాలాసేపు చెప్పింది. ఆఖరి కాన్పు నాటినుంచి ఉన్న బాధ. మొగుడికి చెప్పలేదు, కన్నతల్లికీ చెప్పలేదు.

"అంత ఇంగ్లీషుల చెప్పు బిడ్డా. ఏది ఇడువకు."

ఆండాళు ఏదీ విడవకుండా చెప్పింది. డాక్టరమ్మ రుక్మాబాయి చెయ్యి పట్టుకుని, ఇన్నేళ్లు ఎందుకు దాచావని అడిగింది. ఆండాళు ఆ ప్రశ్నను తెలుగులో చెప్పింది.

"ఎవలకు చెప్పాలె? అప్పుడు నువ్వు లేకపోతివి గద," అంది రుక్మాబాయి.

ఈ ఒక్క మాటను మాత్రం ఆండాళు ఇంగ్లీషులో చెప్పలేకపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నిలబడిపోయింది. డాక్టరమ్మ ఇద్దరినీ చూసింది, ఇంక అడగలేదు. రేపటినుంచి పనికి కాస్త పెందలాడే రమ్మని మాత్రం ఆండాళుతో అంది.