మౌస్ ముట్టని మునవ్వర్ సార్

మునవ్వర్ సార్ కంప్యూటర్లో అన్నీ నేర్పేవారు, మౌస్ పట్టడం ఒక్కటి తప్ప. రెండువేల ఆరులో అయిజలో, రుక్కమ్మ కిరాణా దుకాణం మీది గదిలో లినక్స్ నేర్పే కంప్యూటర్ సెంటర్ పెట్టిన రోజే మౌసులన్నిటికీ తోకలు చుట్టి రేకుపెట్టెలో వేసి తాళం బిగించారు. ఎవరైనా అడిగితే ఒకటే జవాబు: "ఎలుకను ముడితే చేతులు కడగాలె. అయిజల నీళ్లేడివి?"

రోడ్డుకు ఎదురుగా ఉన్న ఇంకో కంప్యూటర్ సెంటర్లో రంగురంగుల బొమ్మల మీద మౌస్‌తో నొక్కితే పనైపోయేది. మాకేమో నల్లటి తెర, దాని మీద మినుకుమనే గీత. కిటికీలకు దళసరి పరదాలు. మిట్టమధ్యాహ్నం కూడా పాడుబావిలోకి దిగినట్టుండేది. ఆంజనేయస్వామిని తలుచుకోకుండా నేను ఏ మీటా నొక్కలేదు.

"సార్, జర పరదా తీయుండ్రి," అన్నాడు నా పక్కన కూర్చునే నాగేశ్. "మా చేతులే మాకు అగపడ్తలేవు!"

"చేతులు చూస్కుంట కొట్టెటోనికి ఎన్నటికీ చదువు రాదు బేటా."

ఒక మధ్యాహ్నం సార్ నమాజుకు వెళ్లారు. నేనేదో తప్పు కొట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద అక్షరాలు వాటంతటవే నడిచొచ్చాయి: "వనజక్కా, భయపడకు. చివర చుక్క పెట్టు." అదే సమయానికి మూల నుంచి సన్నని గొణుగుడు. ఆడగొంతు కాదు, మగగొంతూ కాదు.

ఆ మూలన కూర్చునేది నిఖత్. అందరికన్నా ముందొచ్చి, అందరూ వెళ్లాక వెళ్లే పిల్ల.

"నిఖత్, నీకేమన్న ఇనొచ్చిందా?"

"లేదక్కా," అంది, నవ్వుతూ. నా వైపు కాదు, గోడ వైపు.

చుక్క పెట్టాను. పనైంది. భయం మాత్రం పోలేదు.

తర్వాత ఒక్కొక్కరి తెర మీదా పేరుపెట్టి పిలిచింది. అది దయ్యమేనని తేల్చుకున్నాం. రుక్కమ్మ పైకొచ్చి గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది.

"మంచిగైంది, మజ్జిగల పిండుకుందం," అన్నారు సార్. "ఇంతకు దయ్యం ఏమన్నది?"

"నా తప్పు దిద్దింది సార్," అన్నాను.

"అయితే జీతం లేని టీచర్ దొరికినట్టే!"

నాగేశ్‌కు నవ్వు రాలేదు. "రేపటికి పెట్టె తీయకుంటే అందరం ఎదురు సెంటర్‌కు పోతం సార్. బొమ్మలున్న కాడ దయ్యాలుండవు."

మేం పోతే సెంటర్ మూతపడుతుంది. సార్ మూల వైపు ఒకసారి చూసి, పెట్టె తాళం లాగి చూసుకున్నారు.

మర్నాడు ఆయన నమాజుకు వెళ్లగానే నాగేశ్ ఎదురు సెంటర్ నుంచి అడిగి తెచ్చిన మౌస్ జేబులోంచి తీశాడు. తగిలించడానికి బల్ల కిందికి దూరాడు. చీకట్లో అతని కాలికి ఏదో వైరు తగిలి ఊడింది. అంతే, ఇన్నాళ్ల గొణుగుడు ఒక్కసారిగా గదంతా మోగింది. తెల్లదొర ముక్కుతో తెలుగు చదివినట్టు:

"నా... గేశ్... అన్నా... నిన్నటి... తప్పే... మల్ల... కొట్టినవ్..."

"యా అల్లా!" అని అచ్చం సార్ లాగే అరిచి నాగేశ్ తల బల్లకు కొట్టుకున్నాడు. నేను "ఆంజనేయా!" అంటూ పరదా లాగేశాను.

ఎండ నేరుగా నిఖత్ ముఖం మీద పడింది. ఆమె కళ్లు ఆర్పలేదు. చెవులకు హెడ్‌ఫోన్, దాని వైరు నాగేశ్ కాలికి చుట్టుకుని ఉంది. వేళ్లింకా మీటల మీదే ఉన్నాయి.

"చిన్నప్పుడు తట్టు పోసి కళ్లు పోయినయక్కా," అంది మెల్లగా. "అక్షరాలైతే మిషను చదివి చెప్తది. బొమ్మలు నా చెవికి రావు. మీరు కొట్టేటియి గూడ నాకు ఇనొచ్చేటట్టు, నేను కొట్టేటియి మీ తెరల మీదికి వచ్చేటట్టు సారే పెట్టిండు. 'అందరూ గిట్లనే నేర్చుకుంటరు బేటీ, నువ్వొక్కదానివే కాదు' అన్నడు."

ఆ పరదాలు ఎందుకో ఇక ఎవరం అడగలేదు.

మెట్ల మీద సార్ చెప్పుల చప్పుడైంది. నేను పరదా మూసేశాను. నాగేశ్ వైరును దాని చోట గుచ్చాడు.

"ఏంది లొల్లి? నాగేశ్, చేతుల ఏంది?"

"ఎలుక సార్," అన్నాడు నాగేశ్, రేకుపెట్టె మీద పెడుతూ. "సచ్చింది."

సార్ మెట్ల వైపు చూపించారు. "పో, చేతులు కడుక్కో."

నాగేశ్ నిజంగానే వెళ్లి కడుక్కొచ్చాడు. వచ్చేసరికి అతని తెర మీద అక్షరాలు వాటంతటవే నడుస్తున్నాయి:

"సబ్బుతోని కడిగినవా అన్నా?"