రెండు అని రాసిన రోజులు

రైల్వే స్టోర్సులో ముప్పై రెండేళ్లు గుమాస్తాగా పనిచేశాను. ప్రతి అరకూ ఒక కార్డు వేలాడుతూ ఉండేది. ఎన్ని నట్లు వచ్చాయి, ఎన్ని వెళ్లాయి, ఎన్ని మిగిలాయి, అన్నీ అందులో ఉండేవి. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పారు, కార్డు చూసి సంతకం పెట్టొద్దని, అరలో చెయ్యి పెట్టి లెక్కపెట్టాకే పెట్టమని. ముప్పై రెండేళ్లూ అలాగే చేశాను.

నా మనవరాలు ఇవాళ ఎడమవైపు ఒరిగి నడవడానికి సగం కారణం దాని జబ్బు. మిగతా సగం నా రిజిస్టరు.

దానికి సికిల్ సెల్ జబ్బు. నెత్తురులోని కణాలు కొడవలిలా వంగి, సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి. నెత్తురు అందని చోట ఎముక నొప్పి పెడుతుంది. చిన్నప్పటి నుంచీ రోజూ ఒక మాత్ర, పది గ్లాసుల నీళ్లు, నెలకోసారి ఆస్పత్రి. కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు దానికి పదహారేళ్లు. ఆస్పత్రిలో ఓపీ మూసేశారు. కరోనా వాళ్లకే మంచాలు చాలడం లేదు. డాక్టరుగారు నెలకోసారి ఫోన్లో మాట్లాడతానన్నారు. నొప్పి పదికి ఎంతో రోజూ అడిగి రాసిపెట్టమన్నారు. ఐదు దాటితేనే తీసుకురమ్మన్నారు.

అలాంటి పని నాకు ఒకరు చెప్పాలా? వాడకుండా మిగిలిన పాత లెడ్జరు తీసి గళ్లు గీశాను. తేదీ, నీళ్లు, మాత్ర, నొప్పి. ఏప్రిల్ పన్నెండు, సోమవారం మొదలుపెట్టాను.

అందరూ హిందీ మాట్లాడే ఈ ఊళ్లో, పగలంతా రైల్వే క్వార్టరులో మేమిద్దరమే. నా కొడుకు లోకో పైలట్. బొగ్గు బళ్లు ఆగలేదు కనుక అతని డ్యూటీ కూడా ఆగలేదు. ఇంటికి వచ్చినా ముందు గదిలోనే ఉండేవాడు, పళ్లెం కిటికీలోంచి అందుకునేవాడు. కోడలిది ఊళ్లోనే తోర్వా పేటలో బ్యాంకు ఉద్యోగం. సాయంత్రం స్కూటీ దిగి, స్నానం చేశాకే మా దగ్గరికి వచ్చేది. ఆమె రాకముందే, పిల్లకి ఫోన్లో క్లాసులు అయిపోగానే అడిగేదాన్ని.

"ఏటే, ఎంత?"

"దో."

"తెలుగులో చెప్పి ఏడువు."

"రెండు మామ్మా, రెండు. రాసీసుకో. టీసీ టికెట్ అడిగినట్టు అడుగుతావేటి?"

"నీళ్లు?"

"పది. పదోది నీ ముందే తాగాను కదా. సాక్షిని తేవాలేటి?"

రోజూ వేసుకునేది కాక, నొప్పి ఎక్కువైతే వేసుకోమని ఇచ్చిన నొప్పి మాత్రలు వేరే ఉండేవి. వాటిని ఆదివారం ఆదివారం లెక్కపెట్టేదాన్ని. ఎన్ని ఉండాలో అన్నీ ఉండేవి. పుస్తకం, సరుకు సరిపోయాయి. మే నెలలో, జూన్ నెలలో డాక్టరుగారికి ఫోన్లో చదివి వినిపించాను. రెండు, రెండు, మూడు, రెండు. "బహుత్ అచ్ఛా మాతాజీ, ఇలాగే చూసుకోండి, ఇటు మాత్రం రావద్దు" అన్నారు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

దానికి కత్తిపీట నేనే నేర్పాను. ఒక మోకాలు పైకి మడిచి, పీటను కాలితో తొక్కిపెట్టి బెండకాయలు తరిగితే ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండేవి. మే ఇరవైన అది చాకు తీసుకుని వంటగట్టు దగ్గర నిలబడి తరిగింది.

"ఇదేటి కొత్త?"

"అందరూ ఇలాగే కోస్తారు మామ్మా. కత్తిపీట పాత ఫ్యాషన్."

"ముక్కలు చూడు. ఒకటి ఏనుగు, ఒకటి ఎలక."

"కడుపులోకి వెళ్లాక స్కేలు పెట్టి కొలుస్తావేటి?"

బద్ధకం అనుకున్నాను. క్లాసులు మంచం మీద పడుకుని వినడం మొదలుపెట్టింది. అదీ బద్ధకమే అనుకున్నాను. నా రిజిస్టరులో దానికి గడి లేదు.

జూలై ఐదు, సోమవారం, మళ్లీ బెండకాయలు. ముక్కలు చూసి నాకు చిర్రెత్తింది. కత్తిపీట తెచ్చి దాని ముందు వేశాను.

"కూర్చో. నా ఎదురుగా కొయ్యి."

"ఇవాళ వద్దు మామ్మా."

"కూర్చోమన్నానా?"

ఒక చెయ్యి గోడకీ, ఒక చెయ్యి నా భుజానికీ ఆనించి కిందికి దిగబోయింది. ఎడమ కాలు మడత పడలేదు. సగంలో ఆగిపోయింది. పై పెదవి మీద చెమట పట్టింది. దాని గొంతులోంచి అలాంటి చప్పుడు నేనెప్పుడూ వినలేదు. నా భుజంలోకి దాని గోళ్లు దిగాయి.

మంచం దాకా ఎలా నడిపించానో తెలియదు. పడుకోబెట్టి, అలవాటు కొద్దీ అడిగాను.

"ఎంత?"

"తొమ్మిది."

"నిన్న?"

"ఎనిమిది అనుకుంటాను."

"నిన్న రెండని చెప్పావు కదే!"

అది గోడవైపు తిరిగింది. "ఐదు దాటితే ఆస్పత్రేనని నాన్నతో అన్నావు కదా. నేను అక్కడికి వెళ్లొస్తే నీకు అంటుకుంటాది. పక్క క్వార్టరు తాతయ్య వెళ్లి రాలేదు. నీకేమో డెబ్బై నాలుగు."

నొప్పి మాత్ర ఒక్కటి కూడా వేసుకోలేదు. వేసుకుంటే ఆదివారం నాకు లెక్కలో దొరికిపోతుందని తెలుసు.

మర్నాడు ఎక్స్‌రే తీశారు, ఆ తర్వాత స్కాన్. తుంటి కీలులో బంతిలా ఉండే ఎముక నెత్తురు అందక చచ్చి, నొక్కుకుపోయిందన్నారు. ముందే చూసి ఉంటే కొంత కాపాడగలిగేవాళ్లమేమో, కచ్చితంగా చెప్పలేమన్నారు. ఎప్పటి నుంచి నొప్పి అని అడిగితే రిజిస్టరు ఇచ్చాను. డాక్టరుగారు పేజీలు తిప్పి, "ఇందులో నొప్పే లేదు కదా మాతాజీ" అన్నారు. మెల్లగానే అన్నారు.

ఎనభై నాలుగు రోజులు రాశాను. కత్తిపీట మానేసిన రోజు నుంచి చూస్తే నలభై ఆరు.

స్కూళ్లు తెరిచాక తోటిపిల్లలు సైకిళ్లకు గాలి కొట్టించుకున్నారు. ఇది చంక కర్రలతో వెళ్లింది. ఇప్పుడు చేతికర్రతో కాలేజీకి వెళ్తోంది. కీలు మార్చడానికి ఈ వయసు మరీ చిన్నదట, ఆగగలిగినన్నాళ్లు ఆగమన్నారు. కత్తిపీటను నేనే అటక మీద పెట్టించాను.

కిందటి నెల పుస్తకాలు సర్దుతుంటే దానికి ఆ రిజిస్టరు దొరికింది. "ఇది తప్పు లెక్క కదా మామ్మా, సరిచేసేద్దాం" అంది. స్టోర్సులో తప్పు అంకెను చెరపకూడదు. ఎర్ర సిరాతో ఒక గీత కొట్టి, పైన సరైన అంకె వేసి, పక్కన పొడి సంతకం పెట్టాలి. అదే చెప్పాను. దానికి తెలుగు చదవడం సరిగా రాదు కానీ అంకెలకేం? మంచం మీద కాలు చాపుకుని, మే ఇరవై నుంచి కొట్టుకుంటూ పోయింది. ఆరు, ఏడు, ఏడు, ఎనిమిది. ప్రతి అంకె పక్కనా సంతకం. నేను పక్కనే కూర్చుని చూశాను. జూన్ పదహారు దగ్గర పెన్ను ఆపింది.

"దీన్ని కొట్టను. ఆ రోజు నిజంగా రెండే."

"ఏటి జరిగిందే ఆ రోజు?"

"నా పుట్టినరోజు కదా! నాన్న కిటికీలోంచి జిలేబీ ఇచ్చాడు. నువ్వు నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కబుర్లు చెప్పావు. ఎంత అని అడగడమే మర్చిపోయావు. పడుకునే ముందు నేనే చెప్పాను."

ఆ వరస మీద వేలు పెట్టి చూశాను. నీళ్లు పది, మాత్ర ఒకటి, నొప్పి రెండు. పుట్టినరోజని నేను ఎక్కడా రాయలేదు.