గోడ మీది అయిదుగురు

బహ్రెయిన్‌లో, బుదైయాలోని ఆ ఇంట్లో కనకవ్వకు విసుగు పుట్టించేవి రెండు. ఒకటి కిటికీ సందుల్లోంచి వచ్చిపడే ఇసుకదుమ్ము, రెండోది హాలు గోడ మీద నిచ్చెన వేస్తే తప్ప అందనంత ఎత్తున వేలాడే ఆ ఫొటో. తొమ్మిదేళ్లుగా దాన్ని కర్ర చివర గుడ్డ కట్టి కింది నుంచే తుడుస్తోంది.

మెట్‌పల్లి పక్క పల్లెలో బీడీలు చుట్టిన చేతులవి. బహ్రెయిన్ వచ్చి మూడిళ్లు మారి, చివరికి హనాయె అనే జపాను ముసలామె దగ్గర వంటకు కుదిరాయి. హనాయెకు ఎనభై ఏడు. కొడుకు ఆఫీసుకు పోతే ఇంట్లో మిగిలేది ఇద్దరు ఆడవాళ్లు, వాళ్ల వచ్చీరాని హిందీ.

ఫొటోలో కిమోనోలు కట్టిన అయిదుగురు. సున్నం కొట్టినట్టు తెల్లటి ముఖాలు. అందులో ఒకరు హనాయె తల్లి షిగె. సినిమాలకు మాటలు రాని రోజుల్లో, పదిహేడో ఏట నటనలో చేరి ఇరవై బొమ్మల్లో వేసింది. భూకంపంలో ఊరు తగలబడి రీళ్లన్నీ బూడిదయ్యాయి. షిగె పెళ్లి చేసుకుని ఆ పని వైపు మళ్లీ చూడలేదు. ఈ కథంతా కనకవ్వ రోజూ వింటుంది, అదీ సరిగ్గా పోపు మాడే వేళకు.

ఇప్పుడు పాత సినిమాల ఆనవాళ్లు భద్రపరిచేవాళ్లు జపాను నుంచి ఉత్తరం రాశారు. ఫొటో నకలు మీద మీ అమ్మ ఎవరో గుర్తు పెట్టి పంపితే పేరు వేస్తామని, లేకుంటే ‘పేరు తెలియని నటీమణులు’ అని వేస్తామని. గడువు గురువారం. హనాయె ఎరిగింది పెద్దవయసు తల్లిని. ఆ తెల్లరంగు కింద ఎవరున్నారో ఎలా పోలుస్తుంది? పొద్దున ఒకామెను చూపిస్తుంది, సాయంత్రం ఇంకొకామెను. ఈ బెంగతో తిండి ముట్టక, వండినది వండినట్టే చెత్తబుట్టలోకి పోతోంది.

బుధవారం నకలు తీయడానికి డ్రైవర్ ఇజాజ్ వచ్చాడు. కరీంనగర్ వాడు.

“అవ్వా, ఎవలనో ఒగల్ని చూపెట్టుమను. ఖలాస్. ఆడ ఎవలడుగుతరు?”

“నీ తల్లిని గట్లనే చూపెడ్తవా? నోరు మూసుకొని ఫొటో దింపు.”

ఫ్రేము బల్ల మీదికి దిగింది. హనాయె మధ్యలో ఉన్నామె మీద వేలు పెట్టింది.

“ఈమేనేమో. ఎంత నాజూకుగా నిలబడిందో.”

కనకవ్వ కొంగుతో అద్దం తుడిచి వంగి చూసింది. ఒళ్లు మండింది.

“గాయిన మొగోడు మేడం.”

ఇజాజ్ నవ్వాడు.

“నవ్వకు. మా నాయిన ఇరవై ఏండ్లు భాగోతంల ఆడేషం కట్టిండు. పొట్టిగ కనవడాల్నని చీరెల మోకాళ్లు వంచేటోడు. గొంతుబొక్క కనవడొద్దని గదుమ కిందికి దించేటోడు. చేతులు కొంగుల దాసేటోడు. ఈ నలుగురు గదే జేస్తున్నరు. కొసకున్న పిల్ల ఒక్కతే సక్కగ నిలవడ్డది.”

“మరి తొమ్మిదేండ్ల సంది ఏం జేసినవ్?” అన్నాడు ఇజాజ్.

“గంత మీద తలిగిస్తె నాకేం కనవడ్తది, కర్రకు కండ్లుంటయా?”

ఇజాజ్ అదంతా హిందీలో చెప్పాడు. హనాయె తల అడ్డంగా ఊపింది.

“ఆ చివరామె కాదు. మొరటుగా, మగవాడిలా నిలబడింది.”

అని, తనన్న మాట తనకే తట్టి, వేలు చివరి పిల్ల మీదికి జరిపింది.

“అమ్మను డైరెక్టర్ రోజూ తిట్టేవాడట. నీకు ఆడదానిలా నిలబడటం రాదు, వాళ్లను చూసి నేర్చుకో అని. వాళ్లంటే ఎవరో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.”

“ఆడదానికి ఆడతనం నేర్పెటోళ్లు మొగోళ్లా,” అని కనకవ్వ పళ్లు కొరికింది. “ఇజాజూ, గీ పిల్ల మీద గుర్తు వెట్టి పంపు. పేరు తప్పు రాసినవో, రేపటి సంది నీకు చాయ్ లేదు.”

హనాయె ఆ రాత్రి రెండు గిన్నెల అన్నం తిన్నది.

గురువారం పొద్దున కనకవ్వ చాయ్ తెచ్చేసరికి ముసలామె మళ్లీ ఫ్రేము ముందే నిలబడి ఉంది.

“మా అమ్మ మధ్యలో ఆమె కదా?”

కనకవ్వ కప్పు కింద పెట్టింది. తన నుదుటి బొట్టుబిళ్ల తీసి, అద్దం మీద, చివరి పిల్ల నుదుట గట్టిగా అదిమింది.

“ఇగ అడుగకు,” అని, ఫొటోను ఈసారి తన చేతికందే ఎత్తులో తగిలించింది.